ఫ్లాటు కొనేముందు ఏఐతో కాగితాలు చదివించడం ఎలా?

హైదరాబాద్ శివార్లలో ఫ్లాటు చూసుకుంటున్నవారిలో చాలామంది ఈమధ్య ఒక పని చేస్తున్నారు. ప్రాజెక్టు పేరు, బిల్డరు పేరు ఏఐలో కొట్టి "ఇది కొనవచ్చా?" అని అడుగుతున్నారు. క్షణాల్లో జవాబు వస్తుంది. పేరున్న సంస్థ, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గర, పిల్లల బడులు అందుబాటులో ఉన్నాయి, అయినా పత్రాలు సరిచూసుకోండి అంటుంది. బ్రోచరులో ఉన్నదే తిప్పి చెప్పి, చివర ఒక హెచ్చరిక తగిలిస్తుంది. దానికి దొరికింది అంతే మరి. అసలు సరుకు ప్రభుత్వ పోర్టళ్లలో, లాగిన్‌లూ క్యాప్చాలూ దాటాక, వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలో ఉంది. అక్కడికి ఏఐ సాధారణంగా తనంతట తాను చేరలేదు.

మీరు వెళ్లి తెచ్చి ముందు పెడితే మాత్రం రెండు వందల పేజీలను విసుగు లేకుండా చదివి, ఈ కాగితానికీ ఆ కాగితానికీ ఎక్కడ పొసగడం లేదో చూపిస్తుంది. దాని అసలు ఉపయోగం అక్కడే. కొనాలా వద్దా అని దాన్ని అడగకండి. ఏది దేనితో కలవడం లేదో అడగండి.

కింద రాసిందంతా తెలంగాణలో నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటును మనసులో పెట్టుకుని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోర్టళ్ల పేర్లు మారతాయి గానీ పద్ధతి మారదు.

1. ముందు మీ చేత్తో సేకరించండి

కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరవండి. దింపుకున్న ప్రతి కాగితానికీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తేదీన తీశారో పేరులోనే రాయండి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది. నెల తర్వాత "ఈ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ఎప్పటిది?" అనే ప్రశ్న వచ్చినప్పుడు విలువ తెలుస్తుంది.

మొదట రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైటుకు వెళ్లండి. 2016 నాటి చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్లు అనే పరిమితిని దాటిన ప్రాజెక్టు నమోదు కాకుండా అమ్మకానికి ప్రకటన ఇవ్వడానికి కూడా వీల్లేదు. "ప్రీ లాంచ్ ధర, రెరా నంబరు రెండు నెలల్లో వస్తుంది" అంటూ డబ్బు అడిగేవారి విషయంలో ఏఐ సాయం అక్కర్లేదు, అక్కడితో ఆగిపోండి. నంబరు ఉంటే ఆ పేజీలో దొరికినవన్నీ దింపుకోండి: అనుమతి పత్రం, ఆమోదించిన ప్లాను, స్థలం హక్కు పత్రాలు, అమ్మకపు ఒప్పందం నమూనా, మూడు నెలలకోసారి బిల్డరు పెట్టవలసిన వివరాలు.

తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ. రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో 1983 నుంచి లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. అదే సైటులో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది, 22-ఎ అని అందరూ అనేది దాన్నే. సర్వే నంబరు అక్కడ ఉందేమో చూసి, ఆ తెరను కూడా ఫొటో తీసి దాచండి.

భూమి రికార్డుల కోసం తెలంగాణలో భూభారతి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న ఇది మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి పోర్టల్‌లో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుల రికార్డు) దొరుకుతాయి. అక్కడ రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్శిల్ నంబర్లు వచ్చాయి కాబట్టి రెండూ రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఏ కాగితమూ ఏ కాగితంతోనూ కలవదు.

బిల్డరు కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్లెవరు, కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఆస్తుల మీద ఏ బ్యాంకులకు ఛార్జీ (అప్పుకు హామీగా హక్కు) ఉంది అనేవి తెలుస్తాయి. ఈ-కోర్ట్స్‌లో కేసులు చూడాలి. అది కాస్త ఓపిక పట్టే పని, కింద విడిగా చెబుతాను.

2. ఏఐకి ఇచ్చేముందు కత్తిరించండి

పాత దస్తావేజుల్లో ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు, వేలిముద్రలు, ఫోటోలు ఉంటాయి. అవి మీ పనికి అక్కరకు రావు. ఆ పేజీలు తీసేయండి, లేదా నల్లగా పూసి మళ్లీ పీడీఎఫ్ చేయండి. మీరు వాడుతున్న సాధనం సెట్టింగుల్లో మీ సంభాషణలను శిక్షణకు వాడుకునే అనుమతి ఉంటే ఆపేయండి. అమ్మేవారి కుటుంబ సభ్యుల ఫేస్‌బుక్ ఖాతాలు వెతకడం, ఫొటో పెట్టి మనిషిని పట్టుకోవడం వంటివాటి జోలికి పోకండి. మీరు పరిశీలిస్తున్నది ఆస్తిని, ఆ కుటుంబాన్ని కాదు.

3. పత్రం నుంచే చెప్పమని కట్టడి చేయండి

ఏ సాధనం వాడాలనేది పెద్ద విషయం కాదు. నోట్‌బుక్ ఎల్ఎం వంటిది మీరిచ్చిన పత్రాల మీదే ఆధారపడి, ఏ భాగం నుంచి తీసుకుందో చూపిస్తుంది కాబట్టి ఈ పనికి బాగా నప్పుతుంది. చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్ కూడా పీడీఎఫ్‌లు తీసుకుంటాయి. ఏది వాడినా మొదటి మాటగా ఇది చెప్పండి:

"నేను ఇచ్చిన పత్రాల్లో ఉన్నదే చెప్పు. ప్రతి వివరం పక్కన పత్రం పేరు, పేజీ సంఖ్య రాయి. పత్రంలో లేకపోతే 'లేదు' అని రాయి, చదవలేకపోతే 'చదవలేకపోయాను' అని రాయి. నీ ఊహ ఏదైనా ఉంటే 'ఊహ' అని విడిగా పెట్టు."

చదవలేకపోయానని చెప్పే వెసులుబాటు ఇవ్వడం ముఖ్యం. అది ఇవ్వకపోతే మసకగా ఉన్న అంకెను కూడా ధీమాగా చెప్పేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమనుకుని కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. వాళ్లు పేజీ తెరిచి చూసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది.

తర్వాత పత్రాలన్నిటినుంచి ఒక పట్టిక తయారు చేయించండి: సర్వే నంబరు, విస్తీర్ణం, హక్కుదారు, తేదీ, దస్తావేజు నంబరు, పేజీ. ముందుకు వెళ్లేముందు అందులో కొన్ని గళ్లను మీరే అసలు పేజీతో పోల్చండి. అంకెలున్న గళ్లనే ఎంచుకోండి.

4. ఎకరాలు, గుంటలు, సెంట్లు: ఇక్కడ కళ్లు తెరవండి

అన్ని దశల్లోకీ ఎక్కువ సమయం పెట్టవలసింది దీనికే. తెలంగాణ పత్రాల్లో 2-20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు, 12,100 చదరపు గజాలు. ఆంధ్రప్రదేశ్ పత్రాల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి 10,648 గజాలు. మధ్యలో ఉన్నది అడ్డగీతా చుక్కా అన్న తేడాయే. స్కాన్‌లో ఆ గీత చుక్కలా కనిపిస్తే 1,452 గజాలు మాయమవుతాయి. మీరు ముందే "ఈ పత్రాల్లో విస్తీర్ణం ఎకరాలు-గుంటల్లో ఉంది, గుంటకు 121 చదరపు గజాలు, లెక్క వేసిన తీరు చూపించు" అని చెప్పకపోతే ఏఐ దాన్ని దశాంశంగా తీసుకునే ప్రమాదం ఉంది.

సర్వే ఉపవిభాగాలు ఇంకా తంటా. 134/అ, 134/ఆ అనేవి పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు కమతాలు, తరచూ ఇద్దరు వేర్వేరు మనుషులవి. మసక స్కాన్‌లో అకారానికీ ఆకారానికీ తేడా ఒక చిన్న వంపు. పట్టికలో ఇలాంటివి ఎదురైన ప్రతిచోటా అసలు పేజీని పెద్దది చేసి మీ కళ్లతోనే చూడండి. ఇంగ్లీషు దస్తావేజులో అదే 'ఎ', 'ఎఎ' అయి ఉంటుంది, అది మరో తిరకాసు.

ఇప్పుడు ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయించండి. స్థలం 12,100 గజాలనుకుందాం. రోడ్డు వెడల్పు కోసం 700 గజాలు ప్రభుత్వానికి రాసిచ్చారు. మిగిలింది 11,400. ఫ్లాట్లు 250, ఒక్కోదానికి నేలలో సగటున 48 గజాల అవిభాజ్య వాటా (విడదీయని ఉమ్మడి వాటా) ఇస్తామంటున్నారు. గుణిస్తే 12,000. అంటే 600 గజాలు నేల మీద లేవు, కాగితం మీదే ఉన్నాయి. రోడ్డుకు పోయిన స్థలాన్ని తీసేయకుండా వాటాలు పంచారా, లేక అనుమతి తర్వాత ఫ్లాట్ల సంఖ్య మారిందా అనేది బిల్డరును అడగవలసిన ప్రశ్న. లెక్క కట్టింది ఏఐ అయినా, ఫోనులోని క్యాలిక్యులేటర్‌తో ఒకసారి మీరూ వేసుకోండి.

5. చేతులు మారిన వరస

లింకు డాక్యుమెంట్లన్నీ (ఈ స్థలం పాత అమ్మకాల దస్తావేజులు) ఇచ్చి "ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది, ఏ హక్కుతో వచ్చిందో వరసగా రాయి. మధ్యలో ఆధారం లేని చోట ఖాళీ చూపించు" అని అడగండి. ఇలాంటి పనిలో ఏఐ చురుకుగా ఉంటుంది. ఉదాహరణకు 1996లో ఒక్కరు కొన్నారు, 2004లో ముగ్గురు కలిసి అమ్మారు. ఆ ముగ్గురికీ హక్కు ఎలా వచ్చింది? వారసత్వమా, పంపకమా, వీలునామానా? వారసులు ముగ్గురేనా, నాలుగో మనిషి, పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డ ఎవరైనా ఉన్నారా? దస్తావేజులు ఒక్కొక్కటే చదివితే ఏదీ తప్పుగా కనిపించదు. పక్కపక్కన పెడితేనే ఆ సందు బయటపడుతుంది.

జీపీఏ (యజమాని మరొకరికి ఇచ్చే అధికార పత్రం) మీద జరిగిన అమ్మకాలను విడిగా తీయమనండి. పహాణీల్లో (సాగు రికార్డుల్లో) సర్కారీ, శిఖం, లావణి, ఇనాం, వక్ఫ్, భూదాన్, రక్షిత కౌలుదారు అన్న మాటలు, అంటే భూమి మీద వేరేవారి హక్కు ఉండవచ్చని సూచించేవి, ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించండి. లావణి పట్టా అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. దాని బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధిస్తుంది. చేతిరాతలో ఉన్న పాత పహాణీలు, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఏఐ చదివింది నమ్మకండి. వాటిని ఆ రాత అలవాటున్న న్యాయవాది చదవాలి.

ఈసీ చదివించేటప్పుడు ఒక తప్పుడు గంట మోగుతుంది, తెలిసి ఉండండి. "ఈ ఆస్తి తనఖాలో ఉంది, జాగ్రత్త" అని ఏఐ పెద్దక్షరాలతో చెప్పవచ్చు. అది ఎవరి పేరున జరిగిందో చూడండి. అనుమతి ఉల్లంఘించకుండా హామీగా నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకే తనఖా పెట్టడం ఇక్కడి నిబంధన. పూర్తయి ఓసీ (నివాసయోగ్యత పత్రం) వచ్చాక విడుదల చేస్తారు. అది మామూలే. కానీ ఆ 10 శాతంలోకి వచ్చిన ఫ్లాట్ల నంబర్లలో మీది ఉందేమో చూడటం మాత్రం మరిచిపోకండి. తనఖా బ్యాంకు పేరున ఉంటే కథ వేరు. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం అడగాలి.

ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని ఒప్పందాలు, నడుస్తున్న దావాలు అందులో ఉండవు. ఈసీ శుభ్రంగా ఉందని ఏఐ సంతోషించినా మీరు సంతోషించకండి.

6. కోర్టు కేసులు

దావా నడుస్తుండగా కొంటే, తీర్పు కొన్నవారికీ వర్తిస్తుందని ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అందుకే ఈ-కోర్ట్స్‌లో జిల్లా కోర్టు సముదాయాన్ని ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి వెతకాలి. చిక్కంతా పేర్లతోనే. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో పది రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందుంటుంది, వెనకుంటుంది, పొడి అక్షరమై కూర్చుంటుంది. "ఈ పేరును కోర్టు గుమాస్తాలు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాసే అవకాశం ఉందో జాబితా ఇవ్వు" అని ఏఐని అడిగి, ఒక్కొక్కటే పెట్టి వెతకండి. వెతకడం మీ పని. "ఈయన మీద కేసులున్నాయా?" అని ఏఐనే అడిగితే, అదే పేరున్న మరో మనిషి కేసును తెచ్చి అంటగట్టినా అంటగడుతుంది.

దొరికిన ఉత్తర్వులను దింపుకుని, షెడ్యూలులోని (ఆస్తి వివరాల భాగంలోని) సర్వే నంబరు, హద్దులు మీ ప్రాజెక్టువేనా అని మీ పట్టికతో పోల్చమనండి. పేరు కలిసి సర్వే నంబరు కలవకపోతే అది మీ కేసు కాకపోవచ్చు.

7. చెరువు ఎంత దూరం?

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల సైటులో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) పటాలు ఉన్నాయి. పదెకరాలూ పది హెక్టార్లూ ఒకటి కాదని గుర్తుంచుకుని, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, తక్కువ ఉన్నవాటికి 9 మీటర్ల బఫర్ (కట్టడాలు కట్టకూడని అంచు) అన్న నిబంధనతో చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ పటం ఎందుకు చూడాలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తీసి, అదే స్థలం వానాకాలం ముగిసిన అక్టోబరులో ఎలా ఉందో చూడండి. మే నెల చిత్రంలో ప్రతి చెరువూ మైదానమే. చిత్రాలను ఏఐకి ఇచ్చి వివరించమనవచ్చు గానీ, దూరం కొలవడం దానికి వదలకండి. గూగుల్ ఎర్త్‌లోనే కొలిచే సాధనం ఉంది.

8. సంతకం పెట్టవలసిన ఒప్పందం

మీకిచ్చిన ఒప్పందం, బిల్డరు రెరాలో పెట్టిన నమూనా, రెండూ ఇచ్చి "రెండోదానిలో ఉండి మొదటిదానిలో లేనివి, మొదటిదానిలో కొత్తగా చేరినవి, మాట మారినవి పట్టికగా ఇవ్వు" అని అడగండి. రెండు రాతల మధ్య తేడాలు పట్టడంలో ఏఐ మనకన్నా నయం, ముఖ్యంగా ముప్పయ్యో పేజీ దాటాక.

ఆ తేడాల్లో ముందుగా చూడవలసినవి: ఒప్పందం రిజిస్టరు కాకముందే 10 శాతానికి మించి వసూలు చేస్తున్నారా (రెరా చట్టంలోని 13వ సెక్షన్ వద్దంటుంది), మీరు వాయిదా ఆలస్యం చేస్తే వేసే వడ్డీ, వాళ్లు ఫ్లాటు ఆలస్యం చేస్తే ఇచ్చే వడ్డీ సమానంగా ఉన్నాయా (సమానంగా ఉండాలి), నిర్మాణ లోపాలకు అయిదేళ్ల బాధ్యత మాట ఉందా, అప్పగించే తేదీ రెరాలో చెప్పినదేనా. బిల్డరు సొంత ఒప్పందాల్లో వడ్డీ దగ్గర ఒక వింత కనిపించవచ్చు. కొన్నవారి ఆలస్యానికి నెలకు శాతాల్లో వడ్డీ, తమ ఆలస్యానికి చదరపు అడుగుకు ఇన్ని రూపాయలు అని వేర్వేరు కొలతల్లో రాస్తారు, చప్పున పోల్చి చూడటానికి వీల్లేకుండా. రెండింటినీ ఏడాదికి శాతాల్లోకి మార్చి చూపమనండి.

మూడు నెలల వివరాలను కూడా ఇచ్చి, ఒక త్రైమాసికం నుంచి మరో త్రైమాసికానికి పని ఎంత సాగింది, ఎన్ని ఫ్లాట్లు అమ్ముడయ్యాయి అని అడగండి. "ఇక రెండే మిగిలాయండీ" అన్న ఏజెంటు మాటకు ఇక్కడే జవాబు దొరుకుతుంది.

9. న్యాయవాది దగ్గరికి

చివరగా "తేలనివి, పొసగనివి మాత్రమే ఒక పేజీలో, పత్రం పేరు, పేజీ సంఖ్యతో రాయి. తీర్పు చెప్పవద్దు" అని అడగండి. ఆ పేజీ, ఫోల్డరు తీసుకుని స్థిరాస్తి వ్యవహారాలు చూసే న్యాయవాదిని కలవండి. ఇంత సిద్ధపడి వెళ్తే ఆయన మొదటి గంట కాగితాలు సర్దడంతో కాకుండా అసలు సందేహాలతో మొదలవుతుంది. బిల్డరు సూచించిన న్యాయవాది దగ్గరికి వెళ్లకండి.

అన్నీ తేలి రిజిస్ట్రేషన్ తేదీ ఖాయమయ్యాక, ముందు రోజు ఈసీ, 22-ఎ జాబితా, కేసుల వివరాలు మళ్లీ తీయండి. పాత ఈసీ, కొత్త ఈసీ రెండూ ఇచ్చి, మధ్యలో కొత్తగా చేరిన వరస ఏమైనా ఉందా అని అడగండి. ఉంటే డబ్బు కట్టకుండా తేదీ వాయిదా వేయండి.